లేడీ మెహర్‌బాయి టాటా

ఆడపిల్లకు ఆటలేల యని పెద్దలు మందలించు కాలమున, చీరకట్టుతోనే టెన్నిస్ మైదానమునకు దిగి బహుమతులు గడించిన వనిత లేడీ మెహర్‌బాయి టాటా.

ఆమె 1879 అక్టోబరు 10వ తేదీన బొంబాయిలో, భాభా యను పార్సీ కుటుంబమున జన్మించెను. తండ్రి హోర్మస్‌జీ భాభా మైసూరు సంస్థానపు విద్యాశాఖలో ఉన్నతోద్యోగి. అందుచే ఆమె బాల్యము ఆ సీమయందే గడచెను. కుమారులతో సమానముగ కుమార్తెకును ఆయన విద్య గరపెను. 1898లో ఆమె, జంషెడ్జీ టాటా పెద్ద కుమారుడగు దొరాబ్జీని వివాహమాడెను.

దంపతులిరువురకు క్రీడలన్న మిక్కిలి మక్కువ. మెహర్‌బాయి టెన్నిస్ పోటీలలో 60కి పైగా బహుమతులు గెలుచుకొనెను. పాదముల వరకు జీరాడు చీరతో పరుగిడి బంతి నందుకొనుట తేలిక కాదు. అయినను ఆమె తన కట్టు మార్చుకొనలేదు. చీరలు నేయు సిరిసిల్ల సీమ వారికి ఈ సంగతి మరింత ముచ్చట గొలుపును. 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలయందు మహమ్మద్ సలీంతో జతగా, స్త్రీపురుషుల జంట పోటీలో భారతదేశము పక్షమున ఆమె పేరు చేరెను. అప్పటికామె వయస్సు 44 ఏండ్లు. పతకము రాకున్నను, భారత స్త్రీకి ప్రపంచ క్రీడారంగమున చోటు కలదని లోకమునకు తెలిసెను.

ఆ సంవత్సరమే ఇంటికి గొప్ప పరీక్ష వచ్చెను. జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారమున కార్మికుల జీతములకు సైతము ధనము కరవయ్యెను. దొరాబ్జీ తన యావదాస్తిని ఇంపీరియల్ బ్యాంకులో కుదువబెట్టెను. అందు భార్య నగలును ఉండెను. ఆమె ధరించు జూబిలీ వజ్రము 245 కారట్లు. మన కృష్ణాతీరపు గనులలో దొరకినదని చెప్పు కోహినూరుకు రెండింతలు మించినది. కర్మాగారము నిలిచెను, వేలాది కుటుంబముల పొయ్యిలు ఆరలేదు.

బాలికల విద్యకును, పరదా నివారణకును ఆమె పాటుపడెను. జాతీయ మహిళా మండలి స్థాపనలో ముఖ్యపాత్ర వహించెను. పసిప్రాయపు పెండ్లిండ్లు బాలికల చదువును, ఆరోగ్యమును హరించుచున్నవని ఆమె నమ్మకము. బాలికల వివాహ వయస్సును 14 ఏండ్లుగ నిర్ణయించిన 1929 నాటి శారదా చట్టమునకు ఆమె గట్టి మద్దతు నిచ్చెను.

దేహదార్ఢ్యమునకు పేరొందిన ఆమెను రక్తపు క్యాన్సరు కబళించెను. 1931 జూన్ 18న వేల్స్ దేశమున కన్నుమూసెను. దంపతులకు సంతానము లేదు. భర్త 1932లో ఆ వ్యాధి పరిశోధనకై ఆమె పేర ధర్మనిధి నెలకొల్పి, అదే సంవత్సరము తానును పరమపదించెను. వజ్రము తరువాత విక్రయింపబడగా, వచ్చిన ధనము ధర్మకార్యములకే చెల్లెను.

ఆమె గెలిచిన బహుమతులకన్న, ఆడపిల్ల పరుగిడుట తప్పు కాదని చాటిన ఆమె నడవడి మిన్న. గ్రంథాలయమున పుస్తకము పట్టిన ప్రతి బాలికకును ఆటస్థలమునను చోటుండవలెనను పాఠము ఆమె జీవితమున కలదు.