రాకెట్టుకు కొలమానం కట్టిన శాస్త్రజ్ఞుడు - రాబర్ట్ గొడార్డ్

ఆకాశం వైపు చూచి ఆశపడడం మానవునికి అనాదిగా ఉన్నదే. ఆ ఆశను లెక్కకు, కొలతకు లోబరచినవారు మాత్రం అరుదు. అట్టివారిలో అగ్రగణ్యుడైన రాబర్ట్ హచింగ్స్ గొడార్డ్ జీవితాన్ని మన విద్యార్థులకు పరిచయం చేయదలచాము.

గొడార్డ్ 1882 అక్టోబరు 5న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, వూస్టర్ నగరంలో జన్మించారు. బాల్యంలో అనారోగ్యం వల్ల చదువు తరచు కుంటుపడేది. 1899 అక్టోబరు 19న ఎండుకొమ్మలు కొట్టడానికి చెర్రీ చెట్టు ఎక్కిన ఆ పదిహేడేళ్ల బాలునికి అంగారక గ్రహాన్ని చేరగల యంత్రమొకటి మనసులో మెరిసింది. ఆ తేదీని ఆయన జీవితాంతం పర్వదినంగా తలచుకున్నారు. 1911లో క్లార్క్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. 1913లో క్షయవ్యాధి మంచాన పడవేసినా పరిశోధన విడువలేదు. మరుసటి సంవత్సరమే అంచెల రాకెట్టుకు, ద్రవ ఇంధన రాకెట్టుకు పేటెంట్లు లభించాయి.

అత్యున్నత ప్రదేశాలను చేరే విధానంపై ఆయన రచించిన గ్రంథాన్ని స్మిత్‌సోనియన్ సంస్థ 1919లో ప్రచురించింది. శూన్యంలో నెట్టుకొనడానికి గాలి ఉండదు గనుక రాకెట్టు పనిచేయదని 1920లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక అపహసించింది. రాకెట్టును నడిపేది బయటి గాలి కాదు. వెనుకకు చిమ్మే వాయువుల ప్రతిచర్యయే. గాలి తీసివేసిన గొట్టంలో గొడార్డ్ అప్పటికే దీనిని ప్రయోగపూర్వకంగా నిరూపించి ఉన్నారు. అయినా ఆ పరిహాసం మనసును గాయపరచింది. ఆయన మితభాషి అయ్యారు.

1926 మార్చి 16న ఆబర్న్ గ్రామంలో, మంచు కప్పిన పొలంలో, పెట్రోలు, ద్రవ ఆక్సిజన్‌లతో నడిచే తొలి రాకెట్టు ఎగిరింది. రెండున్నర సెకండ్లలో 41 అడుగుల ఎత్తు చేరి, 184 అడుగుల దూరాన పడింది.

అయితే మా దృష్టిలో 1929 జూలై 17 కూడా అంతటి ముఖ్యదినమే. నాటి రాకెట్టులో ఆయన ఒక భారమితిని, ఉష్ణమాపకాన్ని, వాటి అంకెలను చిత్రించే కెమెరాను అమర్చారు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. కనుక పీడనం తెలిస్తే ఎత్తు తెలుస్తుంది. కంటికి కనబడనంత దూరం పోయే రాకెట్టు తన ప్రయాణ వృత్తాంతాన్ని తానే నమోదు చేసుకొని రావాలన్నది ఆయన సంకల్పం. ఆ రాకెట్టు సుమారు 90 అడుగులే లేచింది. దాని మ్రోతకు బెదిరి ఇరుగుపొరుగువారు పోలీసులను రప్పించారు. ఆ రాష్ట్రంలో ప్రయోగాలకు అడ్డంకులు ఏర్పడ్డాయి. పత్రికలు మళ్లీ నవ్వాయి.

కాని ఆ వార్తయే విమానవీరుడు లిండ్‌బర్గ్ దృష్టిని ఆకర్షించింది. ఆయన చొరవతో గగ్గెన్‌హైమ్ కుటుంబం ధనసహాయం చేసింది. గొడార్డ్ 1930లో న్యూమెక్సికోలోని రోజ్‌వెల్‌కు తరలివెళ్లారు. 1935 మార్చిలో గైరోస్కోపు సాయంతో దారి సరిదిద్దుకొనే రాకెట్టు 4,800 అడుగులు ఎగిరింది.

1945 ఆగస్టు 10న ఆయన గొంతు క్యాన్సరుతో మరణించారు. భర్త ప్రయోగాలను చిత్రించిన శ్రీమతి ఎస్తర్, ఆయన మరణానంతరం కూడా శ్రమించి అనేక పేటెంట్లు సాధించారు. చంద్రయాత్రకు అపోలో బయలుదేరిన మర్నాడు, 1969 జూలై 17న, న్యూయార్క్ టైమ్స్ తన పొరపాటును అంగీకరించింది. భారమితి ఎగిరిన దినానికి అది సరిగా నలభైయవ వార్షికోత్సవం!

నేడు వినోదార్థం పెద్ద రాకెట్లు ఎగురవేసే ఔత్సాహికులు అరచేతిలో ఇమిడే కంప్యూటరును వాటిలో అమర్చుతున్నారు. అది పీడనాన్ని, వేగవృద్ధిని క్షణక్షణం నమోదు చేసి, శిఖరం చేరగానే పారాచూటును విప్పుతుంది. గొడార్డ్ భారమితికి, కెమెరాకు అది వారసురాలే.

ఎగిరినదానిని కొలిచినప్పుడే మరునాటి ప్రయోగానికి పాఠం దొరుకుతుంది. పరిహాసానికి వాదంతో గాక కొలతతో బదులు చెప్పిన ఈ మహనీయుని మార్గం, ప్రయోగశాలలో అడుగుపెట్టే మన విద్యార్థులకు ఆదర్శం కావాలని ఆశిస్తున్నాము.