గిరిగారును, కార్మిక సంఘముల గుర్తింపును

క్విట్ ఇండియా ఉద్యమమున 1942లో నిర్బంధింపబడి, రాయవేలూరు, అమరావతి కారాగారములలో మూడేండ్లు గడపిన శ్రీ వరాహగిరి వేంకటగిరిగారిని నేడు పెక్కురు రాష్ట్రపతిగానే యెఱుగుదురు. మాకు ముఖ్యముగా దోచునది వేఱొకటి. యజమాని కార్మిక సంఘమును గుర్తింపనొల్లనప్పుడు ప్రభుత్వ మేమి చేయవలెనను ప్రశ్న ఆయనను జీవితమంతయు వెంటాడినది.

1894లో బరంపురమున న్యాయవాది జోగయ్య పంతులుగారి యింట జన్మించి, 1913లో న్యాయశాస్త్రము చదువ డబ్లిను నగరమునకు వెళ్లిరి. ఆ యేడే అచ్చటి యజమానులు, సంఘమును వీడుదుమని వ్రాసి యియ్యని పనివారికి తలుపులు మూసిరి. ఐరిష్ ఉద్యమములతోడి సంబంధము కారణముగా 1916లో గిరిగారు ఆ దేశము విడువవలసివచ్చెను.

ఇచ్చట చెన్నపురిలో 1918లో మద్రాసు లేబరు యూనియను వెలసినది. 1920లో బిన్నీ కంపెనీవారు దాని నాయకుడు వాడియాగారిపై హైకోర్టున దావా వేసి నిషేధాజ్ఞ పొందిరి. సంఘము నడపుటయే నేరమువలె గన్పట్టిన ఆ ఘట్టము మా వృత్తివారికి గర్వకారణము గాదు. 1926 నాటి చట్టము అట్టి దావాలనుండి రిజిష్టరైన సంఘములకు రక్షణ నిచ్చెను. కాని యజమాని వారితో మాటలాడి తీరవలెనని చెప్పలేదు.

గిరిగారు బెంగాలు నాగపూరు రైల్వే కార్మికులను సంఘటితపఱచి సమ్మె నడపిరి. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారి నోడించి రాజాజీ మంత్రివర్గమున కార్మికశాఖ వహించిరి. 1947లో రెండు శాసనములు పుట్టినవి. వివాదమును ట్రిబ్యునలునకు పంపు నధికారమును ప్రభుత్వమున కిచ్చినది అమలయ్యెను. గుర్తింపును నిర్బంధము చేసిన సవరణ మాత్రము కాగితముననే నిలిచెను. ఫలితము విస్పష్టమే. సంఘమును గుర్తింపకున్నను యజమానికి ట్రిబ్యునలు తలుపు తెఱచియుండెను. సంఘములును కార్మికుల యిండ్లకంటె సచివాలయమునకే హెచ్చుగా తిరుగ మొదలిడెను.

కేంద్ర కార్మికమంత్రియైన పిదప 1952లో నైనీతాలు సమావేశమున గిరిగారు ఈ నిర్బంధ తీర్పుల పద్ధతిని తొలగింపవలెనని వాదించిరి. ఉభయులును ముఖాముఖి కూర్చుండవలెను, సర్కారు రాజీకి తోడ్పడవలెను, అంతే యని వారి మతము. అది నెగ్గలేదు. విచిత్రమేమనగా, 1954లో ఆయన పదవిని వదలుకొన్నది ఒక ట్రిబ్యునలు తీర్పు కొఱకే. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చగా రాజీనామా నిచ్చిరి. తీర్పుల పద్ధతి నిష్టపడకున్నను, వచ్చిన తీర్పును కాలరాచుట నోర్వలేకపోయిరి.

వారి వాదమున మాకొక లోపము దోచుచున్నది. రైల్వేవంటి చోట బలమైన సంఘము యజమానిని కూర్చుండబెట్టగలదు. ఒడుగత్తూరు, గుడియాత్తము ప్రాంతములలో ఇంటి అరుగుపై బీడీలు చుట్టు స్త్రీ సంగతి యేమి? గుత్తదారు తాను యజమానిని గానను. కంపెనీ ఆమె నెఱుగననును. సర్కారు ప్రక్కకు తొలగినచో ఆమె సంఘమును గుర్తించువాడెవడు?

1958 నాటి క్రమశిక్షణ నియమావళి గుర్తింపునకు నిబంధనలు చెప్పినను వానికి చట్టబలము లేదు. గిరిగారు 1980 జూన్ 24న చెన్నపురిలో కాలధర్మము నొందిరి. 1947 సవరణ అప్పటికిని అమలునకు రాలేదు. 51 శాతము కార్మికుల మద్దతుగల సంఘమునే చర్చలకు ఏకైక ప్రతినిధిగా నంగీకరింపవలెనను నియమము 2020 నాటి పారిశ్రామిక సంబంధముల కోడులో చేరినది.