జోసఫ్ ఫ్రౌన్‌హోఫరు

జర్మనీ దేశమందలి బవేరియా సీమలో స్ట్రౌబింగ్ అను పట్టణము గలదు. అచ్చట కిటికీలకు అద్దములు అమర్చి జీవించు ఒక పనివాని యింట 1787వ సంవత్సరము మార్చి 6వ తేదీన జోసఫ్ ఫ్రౌన్‌హోఫరు జన్మించెను. ఆ దంపతుల బిడ్డలు పదునొకండుగురిలో ఇతడే కడపటివాడు. ఇతనికి పండ్రెండేండ్లు నిండకమునుపే తల్లియు, పిమ్మట తండ్రియు గతించిరి. సంరక్షకులు 1799లో ఇతనిని మ్యూనిచ్ నగరమునకు బంపి, అద్దములు చేయు ఒక యజమానియొద్ద ఆరేండ్లు జీతము లేక పని నేర్చుకొనునట్లు ఒప్పందము చేసిరి. బాలుడు పుస్తకము పట్టుట గాని, ఆదివారపు బడికి పోవుట గాని ఆ యజమానికి గిట్టెడిది కాదు.

1801 జూలై 21వ తేదీన ఆ యిల్లు కూలిపోయెను. యజమాని భార్య మరణించెను. బాలుడు మాత్రము దేవుని కృపవలన దూలముల నడుమ సజీవుడై చిక్కుకొనియుండ, జనులు త్రవ్వి వెలికిదీసిరి. అచ్చటికి వచ్చియున్న బవేరియా పాలకుడు మాక్సిమిలియన్ జోసఫ్ అతనిపై దయగొని 18 బంగారు నాణెములు ఇచ్చెను. ఉట్జ్‌ష్నైడరు అను అధికారి గణితమునకును, కాంతిశాస్త్రమునకును సంబంధించిన గ్రంథములను తెచ్చియిచ్చెను. బాలుడు ఆ నాణెములతో అద్దములు అరగదీయు యంత్రము నొకటి కొని, తుదకు ఒప్పందములో మిగిలిన కాలమునకు సొమ్ము చెల్లించి విడుదల పొందెను.

1806లో ఇతడు ఉట్జ్‌ష్నైడరు భాగస్వామిగానున్న యంత్రశాలలో చేరెను. మరుసటి యేట అతనిని బెనెడిక్ట్‌బోయెర్న్ అను గ్రామమునకు పంపిరి. అచ్చటి ప్రాచీన సన్న్యాసిమఠము అప్పటికే గాజుల కార్ఖానాగా మారియుండెను. దూరదర్శినికి తగిన గాజు బుడగలు గాని చారలు గాని లేక నిర్మలముగా నుండవలెను. అంతియే గాక, ఒక్కొక్క రంగు కిరణమును ఆ గాజు ఎంత వంచునో ఖచ్చితముగా తెలియవలెను. అయితే రంగులు ఒకదానిలో నొకటి కలిసిపోవుచుండుటచే, ఎఱుపు ఎక్కడ ముగిసి నారింజ ఎక్కడ మొదలగునో చెప్పుటకు గుర్తు లేదు. ఆ గుర్తు కొఱకు ఫ్రౌన్‌హోఫరు వెదకసాగెను.

1814లో అతడు చీకటిగదిలోనికి సన్నని చీలికగుండ సూర్యకాంతిని రానిచ్చి, గాజుపట్టకముపై బడజేసి, వెనుక చిన్న దూరదర్శినిని నిలిపి చూచెను. పరచుకొన్న రంగులలో నిలువుగా అనేకములైన నల్లని గీతలు కానవచ్చెను. 1802లో ఇంగ్లండు దేశస్థుడైన వోలస్టన్ వీనిలో కొన్నింటిని చూచెను గాని, రంగుల సరిహద్దులని తలచి అంతటితో విడిచెను. ఫ్రౌన్‌హోఫరు విడువలేదు. గాజులోని లోపమేమోయని పట్టకమును మార్చి చూచెను. చీలికను వెడల్పుచేసియు, సన్నము చేసియు చూచెను. గీతల స్థానము మాఱలేదు. అవి సూర్యకాంతిలోనివే యని నిశ్చయించి, 574 గీతలను లెక్కించి, ముఖ్యమైనవానికి ఏ, బి, సి, డి మొదలగు అక్షరములను పేరులుగా పెట్టెను. శుక్రగ్రహకాంతిలో అవే గీతలున్నవనియు, సిరియస్ నక్షత్రమున వేఱు గీతలున్నవనియు కనిపెట్టెను. దీపజ్వాలలోని పసుపు జంటగీత సరిగా డి స్థానముననే యుండుటయు గమనించెను. కారణమేమో అతనికి తెలియదు. తెలియనిదానికి కారణము కల్పింపక, చూచినదానిని చూచినట్లు 1817లో ప్రకటించి, మరల తన గాజుపనికి మరలెను.

అతడు నిర్మించిన గొప్ప దూరదర్శిని 1824లో డోర్పాట్ నగరపు వేధశాలకు చేరెను. కళాశాల చదువు లేనివాడని కొందఱు పండితులు ఆక్షేపించినను, శాస్త్రపరిషత్తు అతనిని సభ్యునిగా చేర్చుకొనెను, రాజు బిరుదమిచ్చెను. కాని క్షయరోగము ముదిరి 1826 జూన్ 7వ తేదీన, ముప్పదితొమ్మిదేండ్ల ప్రాయమున, అతడు మ్యూనిచ్‌లో మరణించెను. గీతల అర్థము అతనికి తెలియకయే పోయెను.

ముప్పదిమూడేండ్ల పిమ్మట, 1859లో, కిర్చాఫ్, బున్సెన్ అను జర్మను శాస్త్రజ్ఞులు ఆ మర్మమును విప్పిరి. ప్రతి మూలపదార్థమునకును తనవియగు గీతలు గలవనియు, సూర్యుని చుట్టునున్న వాయువులలోని పదార్థములు తమతమ కాంతిని హరించుటచే గీతలు నల్లనగుననియు తేలెను. డి జంటగీత సోడియముది. 1868 ఆగస్టు 18వ తేదీన మన గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించిన ఫ్రెంచి పండితుడు జాన్సెన్ వాడినదియు ఈ విద్యయే.

లిథియమను లోహమునకు సంబంధించిన గీత ఎఱుపుభాగమున, ఫ్రౌన్‌హోఫరు పేరుపెట్టిన బి, సి గీతల నడుమ నున్నది. సూర్యునిలో అది మిక్కిలి మందము. ఇనుము మొదలగు లోహములు చాల తక్కువగానున్న అతిప్రాచీన నక్షత్రములలో ఈ గీతను 1982లో ఫ్రాన్స్వా స్పీట్, మోనిక్ స్పీట్ అను ఫ్రెంచి దంపతులు కొలిచి ప్రకటించిరి. గీత ఎంత కాంతిని హరించెనో చూచి, నక్షత్రపు వేడిమిని లెక్కకు దెచ్చి, లిథియపు పరిమాణమును గణింతురు. అట్టి నక్షత్రములలో వేడిమి హెచ్చుగా నున్నవానియందు వేయికోట్ల హైడ్రోజను పరమాణువులకు లిథియము ఇంచుమించు ఒకటి రెండు మాత్రమే యున్నది. విశ్వారంభమున పుట్టియుండవలసినదని గణితము చెప్పునది ఇంచుమించు అయిదు. తక్కినది నక్షత్రగర్భమున క్రుంగి నశించెనా, లేక లెక్కలోనే లోపమున్నదా యని శాస్త్రజ్ఞులు నేటికిని విచారించుచున్నారు.

విద్యార్థులారా, మన పనికి ఫలమెల్ల మన కన్నుల యెదుట పండునను నియమము లేదు. ఈ అనాథ తన గీతలను నిజాయితీగా కొలిచి, నిజాయితీగా వ్రాసియుంచెను; దేవుడు సృజించిన నక్షత్రముల ద్రవ్యము నెఱుగుటకు అదియే లోకమునకు త్రోవయయ్యెను. తలిదండ్రులకును ఒక మనవి. ఆ బాలుని చేతికి ఎవరును పుస్తకము లియ్యకుండినచో, అతడు అద్దముల కొట్టులోనే యుండిపోయెడివాడు.