అల్లసాని పెద్దన – రాయల స్మృతిపద్యము

ఆంధ్రకవితాపితామహుడైన అల్లసాని పెద్దన నందవరీక వంశజుడు, చొక్కయామాత్యుని పుత్రుడు. శఠకోపయతి ప్రసాదమున చతుర్విధకవిత్వము తనకు లభించినదని స్వారోచిషమనుసంభవపు ఆశ్వాసాంతగద్యలలో ఆయనయే చెప్పుకొనెను. 1509 నుండి 1529 వరకు విజయనగరమును పాలించిన శ్రీకృష్ణదేవరాయలు మార్కండేయపురాణకథా మూలకమైన ఆ ఆరాశ్వాసముల ప్రబంధమునకు కృతిభర్త.

ఆ ప్రబంధమున ప్రవరునిచే తిరస్కృతయైన వరూధిని రోదనము సుప్రసిద్ధము. ఆ ఏడ్పులోని నాదమాధుర్యమును పండితులు నేటికిని చర్చింతురు. కాని అది కరుణము కాదు, విప్రలంభము. విప్రలంభము సాపేక్షమనియు, కరుణము నిరపేక్షమనియు భరతుని విభాగము. మరల కలియుదుమను ఆశ మొదటిదానికి ప్రాణము. ఆ ఆశ తెగుటయే రెండవదానికి మూలము.

1529లో రాయలు గతించుటతో ఆ నిరపేక్షత పెద్దనకు స్వానుభవమయ్యెను. అప్పటిదిగా చెప్పబడు సీసపద్యము ఆయన కావ్యమున లేదు. చాటువుగా పండితుల నోట నిలిచినది. అందు రాయలు ఎదురుపడినపుడు ఏనుగును నిలిపి చేయూత నిచ్చుట, కృతి నందుకొనునాడు పల్లకిని స్వయముగా మోయుట, కోకటాద్యగ్రహారముల నొసగుట, స్వహస్తమున గండపెండేరము తొడుగుట వరుసగా వచ్చును. ఎత్తుగీతిలో మాత్రమే కవి తన స్థితిని చెప్పును: రాజుతోపాటు పోజాలక మిగిలిన తన బ్రతుకును ఆయన బ్రతుకుగా లెక్కింపడు.

ఇది పొందిన సత్కారముల పట్టిక యనియు, ఆశ్రితుని ఆత్మస్తుతి యనియు తోచవచ్చును. అది సమంజసము కాదు. ఆ సత్కారములన్నియు ప్రభువు తన ఎత్తునుండి దిగివచ్చి చేసినవి. చేసిన చేయి ఇక లేదు. గడచిన సుఖము ఇచట శోకమునకు ఉద్దీపనమైనది. వరూధినిచేత అంత మధురముగా ఏడిపించిన కవి తన దుఃఖమున ఒక్క కన్నీటి చుక్కనైనను వర్ణింపలేదు.

దీనిని ఏ పేర పిలువవలెను? రఘువంశాష్టమసర్గమున అజుని శోకము, కుమారసంభవ చతుర్థసర్గమున రతి శోకము విలాపములు. అచట ఏడ్చునది పాత్ర, కవి కాదు. చాటువను పేరు పద్యము నిలిచిన తీరును తెలుపునే కాని రసమును తెలుపదు. కవి తనవారి మరణమునకు తానే శోకించు రచనను ఆధునికులు స్మృతికావ్యమనిరి. విశ్వనాథ వరలక్ష్మీ త్రిశతి అట్టిది. ఆ పేరు పుట్టుటకు శతాబ్దముల పూర్వమే పెద్దన పేరిట ఈ పద్యమున ఆ లక్షణము సిద్ధించినది. కనుక దీనిని స్మృతిపద్యమనుట యుక్తము.