నక్షత్రశాలను మనకిచ్చిన నవాబు: మర్హూమ్ జఫర్ జంగ్ బహదూర్

హైదరాబాదు సంస్థానంలో దేవిడీలు, మహళ్లు కట్టించిన అమీర్లు ఎందరో ఉన్నారు. సొంత డబ్బుతో నక్షత్రశాల పెట్టినవారు నవాబ్ జఫర్ జంగ్ బహదూర్. వారి సంగతి మన పిల్లలకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

నవాబు గారు కలిగిన ఇంట పుట్టారు, ఇంగ్లండులో చదువుకున్నారు. 1901లో నగరంలో ఫిసల్‌బండ దగ్గర తమ సొంత ఎస్టేటులో నక్షత్రశాల నెలకొల్పారు. అందుకోసం గ్రబ్ కంపెనీవారి 15 అంగుళాల దుర్భిణి కొన్నారు.

భూమి తిరుగుతూ ఉంటుంది కనుక చూస్తున్న నక్షత్రం దుర్భిణి ముందునుంచి జారిపోతుంది. దాని వెంట దుర్భిణి కూడా నెమ్మదిగా తిరగాలి. ఆ రోజుల్లో ఈ పని గడియారపు యంత్రంతోనే జరిగేది. సుమారు 23 గంటల 56 నిమిషాలకు ఒక చుట్టు లెక్క.

ఇప్పుడు చంద్రకళలు చూపే ఖరీదైన చేతి గడియారాలు వస్తున్నాయి. వాటిలోనూ ఉన్నది స్ప్రింగు, పళ్ల చక్రాలే. మామూలు రకంలో 59 పళ్ల చక్రం మీద ఇద్దరు చంద్రులుంటారు, ఒక్కొక్కరికి 29న్నర రోజులు. అసలు చాంద్రమాసం ఇంకో 44 నిమిషాలు ఎక్కువ. అందుకని రెండున్నరేళ్లు దాటేసరికి ఒక రోజు తేడా వస్తుంది. 135 పళ్ల చక్రం పెడితే ఆ తేడా రావడానికి 122 ఏళ్లు పడుతుంది. పనితనం గొప్పదే, కాదనము. కానీ లక్షలు పోసి కొన్న ఆ చంద్రుడు ఒక్కరి చేతికే పరిమితం.

నవాబు గారు అలా తమకే ఉంచుకోలేదు. నక్షత్రశాలకు నిజామియా అని పేరు పెట్టడానికి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ గారి అనుమతి కోరారు. తమ తర్వాత దాన్ని సర్కారు నడపాలని కూడా కోరుకున్నారు. 1907లో వారు కన్నుమూశారు. మరుసటి ఏడే సర్కారు దాన్ని తీసుకున్నది. తర్వాత అది బేగంపేటలో స్థిరపడింది. ప్రపంచంలోని పెద్ద నక్షత్రశాలలు కలిసి ఆకాశాన్ని వంతులుగా పంచుకొని ఫొటోలు తీస్తుంటే, మన హైదరాబాదుకూ ఒక వంతు దక్కింది. ఆ గౌరవం చూడడానికి నవాబు గారు లేరు. 1919లో నక్షత్రశాల ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది. 1968లో రంగాపూర్‌లో 48 అంగుళాల దుర్భిణి కూడా వచ్చి చేరింది.

సదఖయె జారియా అంటే ఇదే కదా! మన బొల్లారంలో షిఫ్టు డ్యూటీలు చేసుకొని బతికేవాళ్లమే ఎక్కువ. దుర్భిణి కొనే తాహతు మనకు లేదు. అయినా ఒక పిల్లవాడి సైన్సు పుస్తకాలు, ఒక ఆడపిల్ల కాలేజీ ఫీజు మన చేతిలో పనే. అవి కూడా మన తర్వాత నిలిచేవే.

నవాబు గారికి అల్లాహ్ మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.