వేణువూదిన కొయ్యబొమ్మ

గంట మ్రోగించు యంత్రమును చేయుట సులభము. సుత్తితో కొట్టించిన చాలును. పిల్లనగ్రోవి యట్లు కాదు. ఊపిరి, పెదవి, నాలుక, వ్రేళ్లు - ఈ నాలుగును కలిసిననే గాని అది పలుకదు. అట్టి వేణువును యంత్రముచేత ఊదించిన ప్రతిభాశాలి ఫ్రెంచి దేశీయుడైన జాక్ ద వోకాన్సన్.

అతడు 1709లో గ్రెనోబ్ల్ నగరమున, చేతితొడుగులు తయారుచేయువాని యింట జన్మించెను. పారిస్ నగరమందలి ట్విలరీ తోటలో వేణువూదుచున్న పాలరాతి విగ్రహ మొకటి యుండెడిది. దానిని చూచినప్పటినుండి, అట్టి బొమ్మచేత నిజముగా పాట పాడింపవలెనను కోరిక అతనిని విడువలేదు.

1738లో ఆ కోరిక ఫలించెను. మనిషంతటి కొయ్యబొమ్మ; పాలరాతిని పోలిన తెల్లని రంగు. దాని లోపల తొమ్మిది కొలిమితిత్తులు. మూడింటిపై నాలుగేసి పౌనుల బరువు, మూడింటిపై రెండేసి పౌనులు, తక్కిన మూడింటిపై ఏమియు లేదు. స్థాయి పెరిగినకొలది ఊపిరి బలము పెరుగవలెను గదా! మేకులు దిగగొట్టిన పీపా యొకటి తిరుగుచు పదునైదు మీటలను కదల్చును. ఏడు వ్రేళ్లకు, మూడు గాలికి, నాలుగు పెదవులకు, ఒకటి నాలుకకు. వ్రేళ్ల కొనలకు తోలు తొడిగించెను. ఆ బొమ్మ పండ్రెండు పాటలు ఊదెడిది. లోపల వేరొక వాద్యము దాచినాడని శంకించినవారును లేకపోలేదు. ఫ్రెంచి శాస్త్ర పరిషత్తు పరీక్షించి, ధ్వని వేణువుదేనని ధ్రువపరచెను.

పిదప అతడు గింజలు తిని రెట్టవేయు బాతుబొమ్మను చేసి మరింత ప్రసిద్ధి కెక్కెను. అందలి జీర్ణక్రియ మాత్రము కనికట్టే. వేణువునందు అట్టి మోసము లేదు.

1741లో ప్రభుత్వ మతనిని పట్టుపరిశ్రమకు తనిఖీదారుగా నియమించెను. ఇచ్చటనే అతని జీవితమున చేదు ప్రవేశించినది. అతని సలహాపై వెలువడిన నిబంధనలు నేతగాండ్రను వర్తకులకు మరింత లోబరచునవిగా నుండెను. 1744లో లియాన్ నేతగాండ్రు తిరుగబడిరి. బొమ్మను చూచి జనులు చప్పట్లు చరచిన ఆ మేధావి ప్రాణభీతితో ఊరు విడిచి పారిపోవలసి వచ్చెను. యంత్రముయొక్క ఊపిరిని పౌనులలో తూచినవాడు కూలివాని ఆకలిని తూచలేకపోయెను.

మరుసటి యేడు అతడు తనంత తాను నేయు మగ్గమును నిర్మించెను. పాటను పీపాపై మేకులుగా నిలిపినట్లే, ఇందు నేతలోని పూవులను రంధ్రములుగా తొలచి నిలిపెను. ఆ మగ్గము నాడు వాడుకలోనికి రాలేదు. 1782లో వోకాన్సన్ పారిస్‌లో మరణించెను. తన యంత్రములను రాజునకు వదలిపోయెను. తరువాత పారిస్‌లో భద్రపరచబడిన ఆ మగ్గమును జకార్డు పరిశీలించి, మెరుగుపరచి, 1804 ప్రాంతమున తన మగ్గమును రూపొందించెను.

వేణువూదిన బొమ్మ నేడు లేదు, ఎచ్చటనో నశించినది. కాని ధర్మవరపు పట్టుచీర అంచున పూవులెత్తు జకార్డు మగ్గమునకు, ఆ కొయ్యబొమ్మ పాటకు చుట్టరికము కలదని మనలో నెందరికి తెలియును?