సామ్ హ్యూస్టన్

సామ్ హ్యూస్టన్ (మార్చి 2, 1793 - జూలై 26, 1863) అమెరికాకు చెందిన సేనాని, రాజకీయ నాయకుడు. మెక్సికో ఏలుబడిలో ఉన్న టెక్సస్ 1836లో స్వతంత్ర దేశము కావడానికి జరిగిన యుద్ధములో టెక్సస్ సైన్యానికి నాయకత్వము వహించాడు. ఆ దేశానికి రెండు పర్యాయాలు అధ్యక్షుడిగా, అది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో చేరిన తరువాత సెనేటరుగా, గవర్నరుగా పనిచేశాడు. టెక్సస్‌ను ఒక దేశము నుండి విడదీసిన ఇతడే, పాతికేళ్ళ తరువాత మరొక దేశము నుండి దానిని విడదీయడానికి ఒప్పుకోక పదవి పోగొట్టుకున్నాడు. తెలుగువారు కూడా పెద్దసంఖ్యలో స్థిరపడిన హ్యూస్టన్ నగరానికి ఆ పేరు ఇతని వలననే వచ్చింది.

బాల్యము, చెరోకీల మధ్య జీవితము

హ్యూస్టన్ వర్జీనియాలోని రాక్‌బ్రిడ్జ్ కౌంటీలో జన్మించాడు. తండ్రి మరణానంతరము తల్లి ఎలిజబెత్ తొమ్మిదిమంది పిల్లలను వెంటబెట్టుకొని టెనెస్సీలోని మేరీవిల్ ప్రాంతానికి తరలివెళ్ళింది. బడి చదువు మీద గాని, అంగడిలో గుమాస్తా పని మీద గాని మనసు నిలవక, 16 ఏళ్ళ వయసులో ఇల్లు విడిచి చెరోకీ ఆదివాసుల దగ్గరకు చేరాడు. వారి నాయకుడు ఊలూటెకా ఇతనిని కొడుకుగా చూసుకున్నాడు. వారు హ్యూస్టన్‌కు బొంతకాకి అనే అర్థము వచ్చే పేరు పెట్టారు. సుమారు మూడేళ్ళు అక్కడ గడిపి వారి భాష నేర్చుకున్నాడు. తిరిగివచ్చి, చేసిన అప్పులు తీర్చడానికి కొంతకాలము బడిపంతులుగా కూడా పనిచేశాడు.

1813లో సైన్యములో చేరాడు. 1814 మార్చి 27న హార్స్‌షూ బెండ్ యుద్ధములో తొడలో బాణము, భుజములో తుపాకి గుళ్ళు దిగాయి. ఆ గాయాలు జీవితాంతము బాధపెట్టాయి. ఆ రోజు చూపిన సాహసము వలన సేనాధిపతి ఆండ్రూ జాక్సన్ అభిమానానికి పాత్రుడయ్యాడు. తరువాత న్యాయవాద వృత్తి చేపట్టి, 1823లో కాంగ్రెస్ సభ్యుడు, 1827లో టెనెస్సీ గవర్నరు అయ్యాడు. 1829లో ఎలైజా ఆలెన్‌ను వివాహమాడాడు. కాని మూడు నెలలు నిండకముందే ఆమె పుట్టింటికి వెళ్ళిపోయింది. కారణము ఏమిటో ఇద్దరూ ఎన్నడూ బయటపెట్టలేదు. హ్యూస్టన్ గవర్నరు పదవికి రాజీనామా చేసి, పశ్చిమానికి తరలిపోయిన చెరోకీల వద్దకే మళ్ళీ చేరాడు. అక్కడ విపరీతముగా మద్యానికి బానిసయ్యాడు.

టెక్సస్ విప్లవము

1832 డిసెంబరులో హ్యూస్టన్ టెక్సస్‌లో అడుగుపెట్టాడు. అప్పటికి అక్కడ అమెరికా నుండి వచ్చినవారి సంఖ్య మెక్సికన్లను మించిపోయింది. కొత్తవారి రాకను నిషేధిస్తూ మెక్సికో 1830లో చట్టము చేసింది. బానిసత్వము విషయములోనూ వలసదారులకు, ప్రభుత్వానికి పొసగలేదు. అధ్యక్షుడు సాంటా అన్నా 1824 నాటి రాజ్యాంగాన్ని పక్కనపెట్టి అధికారమంతా కేంద్రము చేతిలోకి తీసుకోవడముతో 1835 అక్టోబరులో యుద్ధము మొదలయింది.

1836 మార్చి 2న, అంటే హ్యూస్టన్ 43వ పుట్టినరోజున, టెక్సస్ స్వాతంత్ర్యము ప్రకటించింది. నాలుగు రోజులకే అలమో కోట కూలి, దానిని కాపాడుతున్న యోధులు దాదాపు అందరూ చనిపోయారు. ఆ నెల 27న గోలియాడ్‌లో, లొంగిపోయిన 300 మందికి పైగా సైనికులను సాంటా అన్నా ఆజ్ఞపై కాల్చిచంపారు. హ్యూస్టన్ వద్ద అప్పుడున్నది శిక్షణ లేని చిన్న దండు. ఎదురునిలవక తూర్పు దిశగా వెనకకు తగ్గుతూ పోయాడు. ప్రజలు ఇళ్ళు వదలి వానలో, బురదలో పారిపోయారు. తాత్కాలిక అధ్యక్షుడు డేవిడ్ బర్నెట్ మొదలుకొని సొంత సైనికుల వరకు అనేకులు ఇతనిని పిరికివాడన్నారు. హ్యూస్టన్ మాత్రము బ్రాజోస్ నది ఒడ్డున దాదాపు రెండు వారాలు ఆగి, సేనకు కవాతు నేర్పించాడు.

వెంటబడి వచ్చిన సాంటా అన్నా తన బలగాన్ని చీల్చుకున్నాడు. ఏప్రిల్ 21 మధ్యాహ్నము సాన్ జసింటో వద్ద మెక్సికన్ సేన విశ్రాంతిలో ఉండగా సుమారు 900 మందితో హ్యూస్టన్ దాడి చేశాడు. వారిలో హువాన్ సెగీన్ నాయకత్వములోని టెక్సస్ మెక్సికన్లు కూడా ఉన్నారు. యుద్ధము 18 నిమిషాలలో ముగిసినా, పగతో రగిలిన సైనికులు ఆ తరువాత కూడా నరుకుతూనే పోయారు. 600 మందికి పైగా మెక్సికన్లు చనిపోగా, టెక్సస్ వైపు మరణించినవారు పదిమంది ప్రాంతములోనే ఉన్నారు. హ్యూస్టన్ చీలమండలో గుండు దిగింది.

మరునాడు సామాన్య సైనికుని దుస్తులలో సాంటా అన్నా పట్టుబడ్డాడు. ఉరితీయవలెనని సైనికులు పట్టుబట్టారు. టెక్సస్‌లో ఇంకా వేలమంది మెక్సికన్ సైనికులున్నారని, వారిని వెనకకు మళ్ళించగలవాడు ఇతడొక్కడేనని గ్రహించిన హ్యూస్టన్ అందుకు అంగీకరించలేదు. ఆ యుద్ధములో గెలుపు కన్నా ఈ నిగ్రహమే ఎక్కువ ఫలితమిచ్చిందని చెప్పవచ్చు.

అధ్యక్షుడిగా

1836 సెప్టెంబరు ఎన్నికలలో స్టీఫెన్ ఆస్టిన్‌ను ఓడించి అధ్యక్షుడయ్యాడు. ఆ ఏడాది ఫిబ్రవరి 23న ఇతడు టెక్సస్‌లోని చెరోకీలతో సంధి చేసుకొని, వారి భూమిని వారికే ఉంచుతామని మాట ఇచ్చాడు. వారు యుద్ధములో తటస్థముగా ఉండిపోయారు. అయితే 1837లో టెక్సస్ సెనేట్ ఆ సంధిని తిరస్కరించింది. తరువాతి అధ్యక్షుడు లామార్ 1839లో వారిని సైన్యముతో తరిమివేశాడు. వారి నాయకుడు బౌల్స్ ఆ పోరులో మరణించాడు. ఆనాడు అతని వద్ద ఉన్న కత్తి హ్యూస్టన్ బహూకరించినదే అంటారు. 1841లో హ్యూస్టన్ మళ్ళీ అధ్యక్షుడై ఇతర తెగలతో ఒప్పందాలు చేసుకున్నా, ఆ భూములు చెరోకీలకు తిరిగి రాలేదు.

1840లో మార్గరెట్ లీని వివాహమాడాడు. వీరికి ఎనిమిదిమంది సంతానము. ఆమె ప్రభావముతో మద్యము మానివేశాడు.

చివరి దశ

1845లో టెక్సస్ అమెరికాలో విలీనమైన తరువాత హ్యూస్టన్ 1846 నుండి 1859 వరకు సెనేటరుగా ఉన్నాడు. తాను బానిసల యజమాని అయినప్పటికీ, బానిసత్వము కొత్త ప్రాంతాలకు విస్తరించడానికి దారితీసిన 1854 నాటి కాన్సస్-నెబ్రాస్కా చట్టాన్ని వ్యతిరేకించాడు. దాని ఫలితముగా స్వరాష్ట్రములో మద్దతు కోల్పోయి 1857లో గవర్నరు ఎన్నికలో ఓడిపోయాడు. 1859లో గెలిచి, రెండు వేర్వేరు రాష్ట్రాలకు ప్రజలెన్నుకున్న గవర్నరుగా అరుదైన స్థానము పొందాడు.

1861లో టెక్సస్ అమెరికా నుండి విడిపోవడానికి నిర్ణయించింది. కొత్త కూటమికి విధేయత ప్రకటించడానికి మార్చి 16న హ్యూస్టన్ నిరాకరించగా అతనిని పదవి నుండి తొలగించారు. లింకన్ సైనిక సహాయము పంపుతానన్నా, టెక్సస్‌లో రక్తపాతము ఇష్టము లేక వద్దన్నాడు. పెద్ద కుమారుడు మాత్రము దక్షిణాది సేనలో చేరి 1862లో షైలో యుద్ధములో గాయపడ్డాడు. అంతర్యుద్ధము ఇంకా ముగియకముందే, 1863 జూలై 26న హంట్స్‌విల్‌లో న్యుమోనియాతో హ్యూస్టన్ మరణించాడు. ఆ ఊరిలోనే సమాధి చేశారు. 1994లో అక్కడ హైవే పక్కన 67 అడుగుల విగ్రహాన్ని ప్రతిష్ఠించారు.